దొర్కా ఎవరితో కూర్చుని కుట్టింది? మన సీమలో సూది, దారం, మిషను



ఈ ధ్యానానికి ముందు అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం 36 నుండి 42 వచనాలు ఒకసారి చదువుకోండి. యొప్పే అనే రేవు పట్టణంలో తబితా అనే విశ్వాసి చనిపోయింది. గ్రీకు భాషలో ఆమె పేరు దొర్కా. రెండు పేర్లకూ అర్థం లేడి. పేతురు వచ్చేసరికి మేడగదిలో విధవరాండ్రు ఏడుస్తూ నిలబడి, ఆమె చేసిన అంగీలూ వస్త్రాలూ అతనికి చూపిస్తున్నారు.

మనం ఈ భాగాన్ని ఎప్పుడూ పేతురు ప్రార్థన కోసం, ఆమె తిరిగి లేచిన అద్భుతం కోసం చదువుతాం. ఈసారి ఆ బట్టల దగ్గర కాసేపు ఆగుదాం. లూకా ఇక్కడ రెండు సంగతులు రాశాడు. మొదటిది, ఆమెను శిష్యురాలు అన్నాడు. గ్రీకులో ఆ మాటకున్న స్త్రీలింగ రూపం కొత్త నిబంధన అంతటిలో ఈ ఒక్క చోటే కనబడుతుంది. ఆమె చెప్పిన ప్రసంగం ఒక్కటీ లూకా రాయలేదు. రాసింది ఆమె చేతి పని. రెండవది, ఆ బట్టలు ఆమె ఆ విధవరాండ్రతో ఉన్న కాలంలో చేసినవి అన్నాడు. అందరూ ఒకే చోట కూర్చుని కుట్టారని లూకా చెప్పలేదు. కానీ ఆమె దూరంగా ఉండి దానం పంపిన మనిషి కాదు, వాళ్ళ మధ్య బ్రతికిన మనిషి అని మాత్రం స్పష్టం.

ఒకరి కోసం కుట్టడం వేరు. ఒకరితో ఉండి కుట్టడం వేరు. మన కర్నూలు, కడప జిల్లాల్లో సూదీ దారం నడిచిన దారి చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది.

కట్టుబట్ట కాలం

మన సీమలో వెనకటి రోజుల్లో కుట్టు కన్నా కట్టు ఎక్కువ. చీర, పంచె, తలగుడ్డ, పైగుడ్డ, వీటిలో ఏదీ కత్తెర ఎరగదు. మగ్గం దిగిన గుడ్డ అలాగే ఒంటి మీదికి వచ్చేది. కట్టుబట్టలతో బయటపడ్డారు అని మనం ఇప్పటికీ అంటాం కదా, ఆ మాట ఆ కాలానిదే. రవిక, అంగీ కుట్టే పని ఎక్కువగా మగ దర్జీలది.

ఇంట్లో ఆడవాళ్ళ చేతి సూదికి వేరే పనులుండేవి. చిరుగుకు మాసిక వేయడం, వక్కాకు సంచి కుట్టడం, పసిబిడ్డకు కుల్లాయి చేయడం, అన్నిటికన్నా ముఖ్యంగా బొంత. పాత చీరలు పొర మీద పొర పరిచి, అంచుల నుంచి లోపలికి వరుసగా కుట్టుకుంటూ రావాలి. ఒక్కతే కూర్చుంటే ఎన్నాళ్ళయినా తెమలదు. నలుగురు నాలుగు వైపులా కూర్చుంటే, మాటల మధ్య, పాటల మధ్య, ఏడుపుల మధ్య కూడా, అది పూర్తవుతుంది. ఏ చీర ముక్క ఎవరిదో కుట్టినవాళ్ళకు తెలుసు. చనిపోయిన అవ్వ చీర మనవడి కింద మెత్తగా పరుచుకుంటుంది. కలిసి కుట్టడం మనకు ఏ మిషనరీ నేర్పింది కాదు. అది బొంత నేర్పింది.

ధాత కరువులో గుడ్డ

ఆ తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుండి 1878 దాకా నడిచిన ఆ కరువు మన పెద్దల నోట ధాత నామ సంవత్సరం పేరుతోనే నిలిచింది. 1871 జనాభా లెక్కల్లో 9 లక్షలకు పైగా ఉన్న కర్నూలు జిల్లా 1881 నాటికి 7 లక్షల లోపుకు పడిపోయింది. నలుగురిలో ఒకరు లెక్కలో లేకుండా పోయారు. కొందరు చనిపోయారు, కొందరు వలసపోయారు.

కరువులో ముందు గింజలు పోతాయి, తర్వాత గొడ్లు, తర్వాత ఇంటి వాసాలు, చివరికి ఒంటి మీది గుడ్డ. గుడ్డ లేని స్త్రీ పని దగ్గరికి రాలేదు, గంజి కేంద్రానికీ రాలేదు. 1877 ఆగస్టులో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ చేసిన విన్నపంతో లండన్ లార్డ్ మేయర్ ఒక సహాయ నిధి తెరిచాడు. ఆ డబ్బు ఖర్చు పెట్టిన పనుల్లో విత్తనాలు, ఎద్దులు, ఇళ్ళ మరమ్మతుతో పాటు బట్టల పంపిణీ కూడా ఉంది. అది మంచి పనే. దాన్ని చిన్నచూపు చూడకూడదు.

అదే కరువులో కూలి గురించిన తగాదా ఒకటి నడిచింది. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం లెక్కన కూలి తగ్గించాడు. ఒక పౌను అంటే అర కిలో కన్నా తక్కువ. దానితో పని చేసే మనిషి బ్రతకలేడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆకలిగొన్నవాడికి ఎంత తక్కువ ఇచ్చినా దయే అనుకునే ఆలోచన మీద జరిగిన పోరాటం అది.

మన పొరుగున ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మరో దారి పట్టాడు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, కరువు జనానికి పనీ కూలీ ఇచ్చాడు. పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. కూలి కోసం ఎవరూ మతం పుచ్చుకోకూడదని ఆయన ఉద్దేశం. కరువు తేలిక పడ్డాక 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మన సంఘ చరిత్ర పుస్తకాలన్నిటిలో ఉంది. ఆ కాలువ కూలి గురించి మాత్రం మనం అంతగా చెప్పుకోం.

సముద్రం దాటి వచ్చిన పెట్టెలు

మన జిల్లాల్లో మిషన్ల పని అప్పటికే వేళ్ళూనింది. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో అడుగుపెట్టింది. ఎస్.పి.జి. మిషన్ ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల ప్రాంతాల్లో పని చేసింది. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. ఆడపిల్లల బడులు, బోర్డింగులు వెలిశాయి. మద్రాసు ప్రెసిడెన్సీ బాలికల బడుల్లో చదువు, లెక్కలతో పాటు సూది పని కూడా ఒక పాఠం. మాల మాదిగ పేటల నుంచి వచ్చిన పిల్ల పలక పట్టడం ఒక వింత, కొత్త గుడ్డ మీద సూది పట్టడం ఇంకొక వింత. ఇతరుల పాతబట్ట కట్టుకున్న ఇంటి బిడ్డ తన పావడా తానే కుట్టుకుంది. ఆ సంతోషాన్ని మనం తక్కువగా చూడకూడదు.

ఆ రోజుల్లోనే ఇంగ్లండు, స్కాట్లండు, అమెరికా సంఘాల్లో స్త్రీలు వారానికొకసారి ఒక ఇంట్లో కూడి కుట్టేవాళ్ళు. సంచులు, టోపీలు, గౌనులు, బొమ్మలు. కొన్నిటిని అమ్మి డబ్బు మిషన్లకు పంపేవారు, కొన్నిటిని పెట్టెల్లో సర్ది ఓడ ఎక్కించేవారు. అలాంటి గుంపులకు దొర్కా సొసైటీ అని పేరు. మొదటిది 1834లో ఐల్ ఆఫ్ మాన్ అనే దీవిలో డగ్లస్ పట్టణంలో ఏర్పడింది. కలరా నుంచి ఊరు బయటపడినందుకు దేవునికి కృతజ్ఞతగా పేదలకు బట్టలు కుట్టాలని అక్కడి స్త్రీలు నిర్ణయించుకున్నారు.

ఆ తల్లుల ప్రేమకు మనం ఋణపడి ఉన్నాం. అయితే ఆ పెట్టెలో ఒక లోటు ఉంది. కుట్టిన చెయ్యీ తొడుక్కున్న ఒళ్ళూ ఒకరినొకరు చూసుకోలేదు. యొప్పేలో విధవరాండ్రు తమను ఎరిగిన స్త్రీ కుట్టిన బట్టలు చూపించి ఏడ్చారు. మన పేటలో గౌను తొడుక్కున్న పిల్లకు దాన్ని కుట్టినామె పేరు తెలియదు. అది కోసం కుట్టిన కుట్టు.

మిషను వచ్చింది

ఇక మిషను సంగతి. ఫ్రాన్సు దేశంలో తిమోనియే అనే దర్జీ 1830లో ఒక కుట్టు యంత్రానికి హక్కు పొందాడు. అతను సైన్యం బట్టలు కుట్టడానికి యంత్రాలు పెడితే, తమ బ్రతుకు పోతుందని భయపడిన దర్జీలు వాటిని విరగ్గొట్టారు. అతని యంత్రానిది ఒక్క దారం కుట్టు, గొలుసు కుట్టు. ఒక చివర ఊడదీసి లాగితే వరుసంతా ఊడి వస్తుంది. అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో హక్కు పొందిన యంత్రం రెండు దారాలది. పైదారం సూదితో దిగుతుంది, అడుగుదారం షటిల్‌లో నుంచి వస్తుంది, రెండూ గుడ్డ మధ్యలో ముడిపడతాయి. ఈ రోజు మన ఇళ్ళలో తిరిగే మిషన్లన్నీ ఆ పద్ధతే. బాబిన్‌లో దారం అయిపోయినా పైదారం చూస్తే తెలియదు, సూది టకటకా పోతూనే ఉంటుంది. గుడ్డ తీసి చూస్తే రెండు ముక్కలూ విడివిడిగా వస్తాయి. మిషను తొక్కిన అక్కలందరికీ ఇది తెలుసు.

1851లో ఐజాక్ సింగర్ మరింత బలమైన మిషను తెచ్చాడు. 1856 నుంచి ఆ కంపెనీ వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టింది. మన దేశంలో ముంబయి పార్శీ వ్యాపారి నసర్వాన్‌జీ మేర్వాన్‌జీ పటేల్ ఆ కంపెనీ ఏజెంటుగా మిషన్లను వ్యాపింపజేశాడు. ఇక్కడ అవి ముందు దర్జీల అరుగుల మీదికే వెళ్ళాయి, ఆడవాళ్ళ చేతికి ఆలస్యంగా వచ్చాయి. 1930లలో కలకత్తాలోని జై ఇంజనీరింగ్ వర్క్స్ ఉష మిషన్లు తయారు చేయడం మొదలుపెట్టాక, మన దేశపు మిషను మన ఇళ్ళ దాకా వచ్చే దారి పడింది.

యంత్రాలను అంతగా ఇష్టపడని గాంధీగారు కూడా 1924లో, యంత్రాలన్నిటికీ మీరు వ్యతిరేకులా అని అడిగినప్పుడు, సింగర్ కుట్టు మిషనును మినహాయించారు. భార్య చేతి కుట్టుతో పడే కష్టం చూడలేక సింగర్ దాన్ని చేశాడని ఆయన నమ్మారు, దాని వెనుక ప్రేమ ఉందన్నారు. నిజానికి సింగర్ లాభం చూసుకున్న వ్యాపారి. అయినా గాంధీగారు పట్టుకున్న ప్రశ్న సరైనదే. ఈ యంత్రం ఎవరి భారం తగ్గిస్తుంది? ఎవరి సంచి నింపుతుంది?

నర్సాపురం చెప్పిన పాఠం

ఈ ప్రశ్నకు మన రాష్ట్రంలోనే ఒక జవాబు ఉంది. గోదావరి జిల్లాల్లో 19వ శతాబ్దంలో మిషనరీ స్త్రీలు లేసు అల్లిక నేర్పారు. పేద క్రైస్తవ కుటుంబాలకు నాలుగు డబ్బులు వస్తాయని నేర్పిన పని అది. నర్సాపురం చుట్టుపక్కల అది పెద్ద వ్యాపారమైంది, లేసు విదేశాలకు వెళ్ళింది. జర్మనీ పరిశోధకురాలు మరియా మీస్ అక్కడికి వచ్చి చూసి 1982లో ఒక పుస్తకం రాసింది. ఆమె చూసిందేమిటంటే, రోజంతా అల్లే స్త్రీలకు పొలం పనికి నిర్ణయించిన కనీస కూలి కన్నా చాలా తక్కువ దక్కుతోంది. కారణం అడిగితే, వాళ్ళు గృహిణులు, తీరిక వేళల్లో అల్లుతున్నారు అనే జవాబు. ఇంట్లో కూర్చుని చేసేది కాబట్టి అది పని కాదట. ఎవరి ఇంట్లో వాళ్ళు విడివిడిగా అల్లడం వల్ల ధర అడిగే గొంతూ లేదు.

ప్రేమతో మొదలైన పని కూడా కలిసి కూర్చోవడం పోతే దోపిడీగా మారగలదు. ఇది నర్సాపురం నేర్పిన పాఠం.

ఓర్వకల్లు నుంచి మాస్కుల దాకా

మన కర్నూలు జిల్లా దీనికి వేరే జవాబు వెతికింది. 1982-83లో డ్వాక్రా పథకం మొదలైంది. 1990ల మధ్యలో ఐక్యరాజ్య సమితి సాయంతో పేదరిక నిర్మూలన పథకం ఒకటి కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నడిచింది. ఓర్వకల్లు మండలం పొదుపు సంఘాలు ఆ రోజుల్లోనే బలపడి దేశమంతా చెప్పుకునేలా ఎదిగాయి. రూపాయి రూపాయి కూడబెట్టి, చాప మీద గుండ్రంగా కూర్చుని, అప్పు ఎవరికి ముందు, ఎవరికి వెనుక అని వాళ్ళే తేల్చుకున్నారు. ఆ అప్పుతో ఒకామె గేదె కొంది, ఒకామె కుట్టు మిషను కొంది. భర్త పేరు మీద కాకుండా తన సంఘం మాట మీద ఇంటికి వచ్చిన మిషను అది. పక్కింటామె వచ్చి దాని మీదే తన కూతురి లంగా కుట్టుకుంటుంది. ఫాల్, పికో, చేతి సంచి, దిండు గలీబు, పర్సు, పసిబిడ్డ కుల్లాయి, ఇవన్నీ ఒకే మిషను చుట్టూ పుడతాయి. బొంత చుట్టూ కూర్చున్న నలుగురే మిషను చుట్టూ కూర్చున్నారు.

2020 మీకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ నెలలో రాష్ట్రంలో ఎక్కువ కరోనా కేసులు మన కర్నూలు జిల్లాలోనే. వీధులు మూసేశారు, గుడులు, మసీదులు, చర్చిలు మూసేశారు. అప్పుడు ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున సుమారు 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచుతామని ప్రకటించి, కుట్టే పని పొదుపు సంఘాల అక్కలకు అప్పగించింది. అరచెయ్యంత గుడ్డ, రెండు మడతలు, రెండు తాళ్ళు. అంతకన్నా చిన్న వస్తువు ఏముంటుంది? ఉచితంగా కుట్టమని కాదు, మాస్కుకింత అని కూలి ఇచ్చి కుట్టించారు. కూలినాలి లేని ఆ నెలల్లో చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగించింది ఆ మిషనే. ఆ మాస్కు ఊరి మనిషి ఊరి మనిషికి కుట్టింది. రోగం నుంచి బయటపడ్డాక కుట్టిన డగ్లస్ తల్లులకూ, రోగం మధ్యలో కుట్టిన మన అక్కలకూ ప్రభువు దగ్గర ఒకే లెక్క ఉంటుందని నేను నమ్ముతాను.

ఒక అక్క అడిగిన ప్రశ్న

మా స్త్రీల కూడిక అయ్యాక కొందరు ఒక మిషను చుట్టూ కూర్చుంటారు. చందా సంచులు, సన్‌డే స్కూలు పిల్లల క్రిస్మస్ నాటకం బట్టలు, ప్రభువు బల్ల మీది గుడ్డ, ప్రసవించిన తల్లులకు ఇచ్చే కుల్లాయిలు, అన్నీ అక్కడే. ఒకరోజు వారిలో ఒకామె, భర్త లేని మనిషి, నన్ను అడిగింది: "అయ్యగారూ, సంఘం పనికి కుట్టుకూలి అడిగితే పాపమా? ఇస్తే తీసుకోవచ్చా?"

ఈ వ్యాసమంతా ఆమెకు చెప్పాల్సిన జవాబే.

పాపం కాదమ్మా. కొరింథులో పౌలు, అకుల, ప్రిస్కిల్ల ఒక ఇంట్లో కలిసి గుడారాల పని చేశారని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం 3వ వచనంలో ఉంది. ఆ చేతుల కష్టంతోనే పౌలు తినేవాడు. పనివాడు జీతానికి పాత్రుడని 1 తిమోతి 5:18 చెబుతుంది. బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు 5:4 హెచ్చరిస్తుంది. అది పొలం కూలికే అని, మిషను కూలికి కాదని యాకోబు రాయలేదు. అర్పణగా కుట్టాలనుకునే చెయ్యి అర్పణగా కుట్టవచ్చు. కానీ అర్పణ ఇచ్చేవారి ఇష్టం. అడిగేవారి హక్కు కాదు. కలిగిన ఇంటామె తన తీరికను అర్పిస్తుంది. విధవరాలు తన రాత్రి భోజనాన్ని అర్పిస్తుంది. ఆ రెండింటినీ ఒకే లెక్కలో రాసుకుంటే సంఘం ఆమె దగ్గర అప్పు చేసినట్టే.

కాబట్టి, చదువుతున్న కాపరులకూ పెద్దలకూ మూడు మాటలు మనవి చేస్తున్నాను. సంఘం కోసం కుట్టించిన ప్రతి వస్తువుకూ బజారు కుట్టుకూలి లెక్కగట్టి ఇవ్వండి. ఆమె దాన్ని తిరిగి చందా సంచిలో వేస్తే అది ఆమె ఆనందం. రెండవది, ఒక్కొక్కరికి ఇంటికి పని పంపకండి. ఒక చోట కూర్చుని చేసుకునే వీలు చూడండి. వచ్చిన ప్రతి స్త్రీకీ మిషను ఎక్కే వంతు రావాలి, రానివారికి వచ్చినవారు నేర్పాలి. మూడవది, సంఘం చరిత్ర పుస్తకం రాసుకునేటప్పుడు పునాది రాయి వేసినవారి పేర్లతో పాటు కుట్టినవారి పేర్లూ రాయండి. లూకా రాశాడు. దొర్కా పేరు రెండు భాషల్లో రాశాడు.

అక్కలారా, మీకు ఒక్క మాట. మీరు కుట్టేది చిన్నదని అనుకోవద్దు. హన్నా ఏటేటా తన కొడుక్కి ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్ళేదని 1 సమూయేలు 2:19లో పరిశుద్ధాత్మ రాయించాడు. రాజుల యుద్ధాలు రాసిన పుస్తకంలోనే ఆ చిన్న అంగీకి చోటు దొరికింది.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మొదటి తలిదండ్రులకు నీ చేతులతో వస్త్రాలు చేసి తొడిగిన దేవుడవు నీవు. మా సీమలో సూది పట్టిన చేతులను, మిషను తొక్కే పాదాలను దీవించుము. వారి కూలిని ఎవరూ బిగబట్టకుండా కాపాడుము. నీ సంఘం వారి కోసం ఏదో చేసి చేతులు దులుపుకొనక, వారితో కూర్చొనునట్లు మాకు మనసు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.